ముప్ఫై ఒక్క కాగితాలు

ఫిబ్రవరి 4

అక్కా,

ఎలా ఉన్నావని అడిగితే "బతికున్నానో లేదో చూడ్డానికి రాశావా" అంటావు కాబట్టి అడగను. నేరుగా సంగతికి వస్తాను.

మీ పాత బస్‌స్టేషన్ పై అంతస్తు వరండా గురించి మునిసిపల్ ఆఫీసు వాళ్ళు ఒక వర్క్‌షాప్ పెడుతున్నారు. అక్కడ రిపేర్లు చేసుకునే మీ ముప్ఫై ఒక్క మందిని అక్కడే ఉంచాలా, వేరే చోటికి మార్చాలా అన్నది, దానితో సంబంధం ఉన్న అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి అడుగుతారు. దాన్ని నడిపే పని నాకు ఇచ్చారు. నా ఉద్యోగం నీకు తెలుసు. నేను ఎవరి తరఫునా మాట్లాడను, అందరి చేతా మాట్లాడిస్తాను.

24వ తేదీ సోమవారం, ఉదయం పదకొండు గంటలకి, ఆఫీసు వెనక హాల్లో. పోస్టర్లు అంటిస్తారు గానీ, పోస్టరు చూసి ఎవరూ రారని ఈ పనిలో పదేళ్ళుగా చూస్తున్నాను. నువ్వు చెబితే వస్తారు. అందరినీ పంపించు.

నువ్వు మాత్రం రావద్దు. కారణం ఉంది, ఇప్పుడు రాయలేను.

నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు కాబట్టి ఈ ఉత్తరం.

తమ్ముడు


ఫిబ్రవరి 9

అందరి చేతా మాట్లాడించే మేధావి గారికి,

ఫోన్ ఎందుకు ఎత్తనో ముందు అది విను. ఫోన్లో అయితే నా మాట సగంలోనే అందుకుంటావు. కాగితం మీదైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. ఇకమీదట ఏదైనా ఉంటే రాయి.

వర్క్‌షాప్ అంటే నాకు తెలిసింది చేతులకు నూనె అంటుకునే చోటు. మీ వర్క్‌షాప్‌లో ఎవరి చేతికీ ఏమీ అంటదు కాబోలు, అందుకే ఆఫీసు వాళ్ళకి అంత ఇష్టం. నాన్న కూర్చున్న బెంచీ మీదే కూర్చుని ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో మీరిక్కడ ఉంటారా పోతారా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడుగుతున్నారంటే తీసేయడం ఖాయం చేసుకున్నారన్నమాట. కూర దించేశాక ఉప్పెంత వేయమంటారని అడిగితే తినేవాళ్ళకి తెలియదా?

ముహూర్తం కూడా భలే చూశారు. సోమవారం పదకొండు! కుట్టు కేంద్రాల వాళ్ళు వారం మొదట్లో మొండికేసిన మిషన్లన్నీ భుజానికెత్తుకుని మెట్లెక్కేది ఆ వేళకే. నాన్నకి అన్నం క్యారియర్ తెచ్చిన రోజుల్లో చూశావు కదా, అప్పుడే మర్చిపోయావా? పోస్టరు తీసుకొచ్చి సరిగ్గా నా బోర్డు మీదే అంటించారు. "మీ గొంతు మాకు ముఖ్యం" అని ఉంది దాని మీద. బోర్డు కనబడక ఇద్దరు కస్టమర్లు వెనక్కి వెళ్ళిపోయారు. గోకి గోకి సగం పీకాను. ఇప్పుడు "మీ గొంతు" అన్న ముక్క మాత్రం మిగిలింది.

నన్ను రావద్దంటావా? నువ్వు చదువుకున్న ప్రతి పుస్తకమూ ఈ బెంచీ మీది నుంచి వచ్చిందే. కోటు వేసుకున్న వాళ్ళ మధ్య నూనె చేతుల అక్క కనబడితే పరువు పోతుందా? పోతే పోనీ. పరువున్న వాళ్ళకే ఆ భయం. నీకెందుకు?

అక్క


ఫిబ్రవరి 13

అక్కా,

పోట్లాడటానికి నీకు కారణం అక్కర్లేదు, కాగితం దొరికితే చాలు.

సోమవారం అన్నది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆఫీసు వాళ్ళతో కొట్లాడి 26వ తేదీ బుధవారం మధ్యాహ్నం రెండింటికి మార్పించాను. పోస్టరు సంగతి కూడా చెప్పాను. అంటించిన వాడు ఖాళీ గోడ కనబడలేదన్నాడట.

పరువు గురించి నువ్వు రాసింది చదివి ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

హాల్లో ఏం జరుగుతుందో రాస్తున్నాను, మీ వాళ్ళకి చదివి వినిపించు. ఒక్కొక్కరికీ అరచేయంత కాగితాలు ఇస్తాను. ఒక కాగితం మీద ఒక్క ఆలోచనే రాయాలి. పేరు రాయకూడదు. ఎవరిది ఏదో ఆఫీసు వాళ్ళకి గానీ, పక్కవాళ్ళకి గానీ తెలియకూడదు, అది నా పూచీ. తర్వాత వాటిని గోడ మీది చార్టుకి గుచ్చి, ఒకేలాంటివి ఒక చోటికి చేరుస్తాను. గొంతున్న ఒక్క మనిషి హాలంతా ఆక్రమించకుండా, నోరులేని వాళ్ళ మాట కూడా గోడెక్కాలనే ఈ పద్ధతి.

నిజం చెప్పనా? నీలాంటి వాళ్ళని చూసే ఇలాంటి పద్ధతులు కనిపెట్టి ఉంటారు. మనింట్లో నువ్వు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళకి నోరు తెరిచే అవసరం రాలేదు. నాలుగేళ్ళొచ్చినా నాకు మాటలు రాలేదని అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది గుర్తుందా? "నీ పేరేంటి బాబూ" అని ఆయన నన్నడిగితే నువ్వు చెప్పావు. వయసూ నువ్వే చెప్పావు. ఎక్కడ నొప్పి అంటే, నాకు ఏ నొప్పీ లేదని కూడా నువ్వే చెప్పావు.

తమ్ముడు


ఫిబ్రవరి 17

మాటలు రాని తమ్ముడికి,

వచ్చాయిగా, బాగానే వచ్చాయి. ఎందుకొచ్చాయా అని ఇప్పుడు నేను ఏడవాలి.

బళ్ళో నీ పలక లాక్కున్న వాడి ఇంటికెళ్ళి తెచ్చింది ఎవరు? ఫీజు గడువు దాటితే హెడ్మాస్టరు గదిలో నిలబడి అరిచింది ఎవరు? నువ్వు గోడకి ఆనుకుని బొటనవేలు చూసుకుంటుంటే మీ ముగ్గురి తరఫునా నేనే మాట్లాడాల్సి వచ్చింది. నాన్న మెతక మనిషి. అమ్మ గడప దాటదు. నీ సంగతి సరేసరి. అలా అరిచీ అరిచీ ఈ గొంతు ఇలా అయింది. ఇప్పుడు అది నీకు అడ్డం.

సరే, రాను. నువ్వు బతిమాలినా రాను. మా వాళ్ళు ముప్ఫై మందీ వస్తారు, ముప్ఫై ఒకటో మనిషిగా నా బదులు టీ కొట్టు పిల్ల వస్తుంది. వాచీల తాత చెయ్యి వణుకుతుంది, ఆయన కాగితం పక్కవాళ్ళు రాస్తారు, దానికి వంక పెట్టకు. ఏం రాయాలో అందరికీ తెలుసు. మీ హాలూ మీ గుండుసూదులూ సిద్ధం చేసుకోండి.

నిన్ను మోసిన అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

ఎంత పని చేశావు!

రెండింటికల్లా హాలు నిండింది. ఒక వైపు మీ వాళ్ళు, ఇంకో వైపు మునిసిపల్ ఇంజినీరూ, ఆఫీసు మనుషులూ, కింద షాపుల వాళ్ళూ కలిపి తొమ్మిది మంది. కాగితాలు పంచాను. వాళ్ళు తొమ్మిది మందీ తల పట్టుకుని తలా ఒకటి రెండు సంగతులు రాశారు. మీ వాళ్ళు ఒక్క నిమిషంలో రాసిచ్చేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకటి తీశాను: "ఈ వరండా మాది, మేము కదలం." ఇంకోటి తీశాను: "ఈ వరండా మాది, మేము కదలం." పది తీశాను. అక్షరం తేడా లేదు. నువ్వు ఎదురుగా నిలబడి చెప్పించినట్టే ఉంది.

పద్ధతి ముందే రాశాను కదా, ఒకేలాంటివి ఒక చోటికి చేరుస్తామని. ఆ ముప్ఫై ఒక్కటీ ఒకదాని మీద ఒకటి పెట్టి గుచ్చాను. చార్టు మీద అవి ఒక్క అంశం. వాళ్ళవి పద్నాలుగు అంశాలు. బండ్లకి చోటు, మెట్లకి రిపేరు, నీళ్ళ పైపు, పైకప్పు బరువు, ఇలా. మొత్తం పదిహేనింట్లో మీది ఒకటి. ఇంజినీరు ఫోటో తీసుకుని వెళ్ళాడు.

నోటికొచ్చిన పాఠం కాకుండా వాళ్ళకి ఏమనిపిస్తే అది రాయనిచ్చి ఉంటే గోడ మీద మీవే ముప్ఫై ఉండేవి. వాటన్నిటినీ నువ్వే మింగేశావు.

తమ్ముడు


మార్చి 4

గుండుసూదుల దొరకి,

చెప్పులు కుట్టే వదిన సాయంత్రం వచ్చి చెప్పింది. "మనవన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి గుచ్చాడమ్మా మీ తమ్ముడు. పైది ఒక్కటే కనబడింది. కింద మనమున్నామని ఎవరికి తెలుస్తుంది?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ముప్ఫై ఒక్క మంది ఒక్క మాట మీద నిలబడితే దాన్ని లోకంలో బలం అంటారురా. మీ బళ్ళో ఒకటి అంటారా? తలా ఒక తీరుగా కూస్తే పద్నాలుగు, కలిసికట్టుగా ఉంటే ఒకటి! ఇలాంటి లెక్క కనిపెట్టిన వాణ్ణీ, దాన్ని నేర్చుకున్న వాణ్ణీ ఒకే సూదికి గుచ్చాలి.

ఆ మాట వాళ్ళకి నేర్పింది నేనే. దాచను. మూడు రోజులు బెంచీ బెంచీకి తిరిగి నేర్పాను. గొడుగుల బాబాయి "అందరూ అదే రాయాలా అమ్మా" అంటే, "ఒక్కరు తప్పినా అందరం పోతాం" అన్నాను. కానీ నువ్వలా గుచ్చుతుంటే ఎవరూ ఎందుకు ఆపలేదంటే, హాల్లో నేను లేను. నేనుంటే నీ చెయ్యి పట్టుకునేదాన్ని. ఇప్పుడర్థమైంది నన్నెందుకు రావద్దన్నావో. అడిగేవాళ్ళు ఉండకూడదని.

నాన్న బెంచీ నా కింది నుంచి లాగేస్తుంటే రెండో కాలు నువ్వు పట్టుకున్నావు. ఇంతకన్నా ఏం రాయను?

అక్క అని రాయాలనిపించడం లేదు


మార్చి 8

అక్కా,

నువ్వు ఎలా సంతకం పెట్టినా నేను అక్కా అనే రాయాలి, నా ఖర్మ.

కారణం ఇప్పుడు రాస్తున్నాను. ఈ పని ఒప్పుకున్న రోజే, వరండాలో మా అక్క ఉందని ఇంజినీరుతో చెప్పాను. దాచి చేస్తే అది దొంగతనం. అతను అన్నాడు, "ఆవిడ హాల్లోకి రానంత కాలం మీరు నడపండి, వస్తే మీరు దిగిపోవాలి, మా మనిషి నడుపుతాడు" అని. ఆ మనిషి నడిపిన సభలు నేను చూశాను. ప్రశ్న చదువుతాడు, జవాబూ తనే చదువుతాడు. అందుకే నిన్ను ఆపాను. ముందే రాస్తే నువ్వు వెళ్ళి ఇంజినీరు కాలరు పట్టుకుంటావని భయపడ్డాను. కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

రెండో సంగతి. నీ ఉత్తరం చదివాక సూది పీకి ముప్ఫై ఒక్క కాగితాలూ వరసగా చదివాను. ముప్ఫై ఒకేలా ఉన్నాయి. ఒకటి వేరుగా ఉంది. పై పదీ చూసి కిందవీ అంతే అనుకున్నాను. చదవకుండా గుచ్చాను. పదేళ్ళ పనిలో ఇంత సిగ్గుపడింది లేదు. అందులో ఏముందో నీకు చెప్పను. పేరు బయటికి రాదని మాటిచ్చి రాయించాను.

21వ తేదీ రెండో సభ. నా రిపోర్టు చదివి అభ్యంతరాలు రాసుకుంటారు. ఆ రోజు రాసుకున్నదే ఆఖరు. ముప్ఫై ఒక్క కాగితాలూ విడివిడిగా రిపోర్టులో పెడుతున్నాను. సభలో మీ ఒక్కొక్కరికీ రెండేసి నిమిషాలు ఇప్పించాను. కింద పాత టికెట్ల గది ఖాళీగా ఉంది, కావాలనే వాళ్ళుంటే వాళ్ళకి ఇస్తామని ఇంజినీరు చేత అనిపించాను. అది కూడా అక్కడ నోటితో అడిగితేనే. నువ్వు చేయాల్సింది ఒక్కటే. వాళ్ళకి ఏమీ నేర్పకు.

తమ్ముడు


మార్చి 12

తమ్ముడూ,

ఇంజినీరుకి చెప్పిన కారణం అక్కకి చెప్పడానికి నెల పట్టింది నీకు. మంచిది.

వేరే కాగితం ఒకటుందట. ఎవరిదో చెప్పవట. ఇల్లు చీల్చాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం ఉందా? ఇది ఇంజినీరు చెప్పి రాయించాడో, నీ సొంత తెలివో నాకు తెలియదు. అందరినీ పేరుపేరునా పిలిచి అడిగాను. "నేను రాయలేదు" అన్నారు అందరూ. చెప్పుల వదిన ఒక్కతే నా మొహం చూడకుండా దారం నమిలింది. అదేనని తేలిపోయింది. ద్రోహి అని మొహం మీదే అన్నాను కూడా. రెండు రోజులుగా మా మధ్య మాటల్లేవు.

టికెట్ల గది గురించి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. ఆశ చూపించి ఒక్కొక్కరినే కిందికి దించితే పైన మిగిలిన వాళ్ళని ఊడ్చేయడం ఎంతసేపు? అంత వెర్రిదాన్ని కాను.

21న నేనే వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. నువ్వు దిగుతావో, నన్ను గెంటిస్తావో నీ ఇష్టం.

అక్క


మార్చి 16

అక్కా,

ఆ కాగితం చెప్పుల ఆవిడది కాదు. ఇంతకన్నా చెప్పే హక్కు నాకు లేదు. ముందు వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పు.

నువ్వు వస్తే నేను దిగిపోతాను, బెదిరింపు కాదు, మాటిచ్చాను. దిగితే రెండేసి నిమిషాలు పోతాయి. విడిగా పెట్టిన కాగితాలూ పోతాయి. నెల రోజులుగా కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఆఫీసు చేతా నీ చేతా తిట్లు తింటూ నిలబెట్టింది ఆ కాస్తే.

ఒక్కసారి, ఒక్క మధ్యాహ్నం, నువ్వు లేకుండా వాళ్ళని మాట్లాడనియ్యి. ప్రేమగా అడగడం లేదు. ఒళ్ళు మండిపోతూ అడుగుతున్నాను. రావద్దు.

తమ్ముడు


మార్చి 27

తమ్ముడూ,

నేను లోపలికి రాగానే నువ్వు కాగితాలు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయావు. అప్పుడు నాకు గెలిచినట్టే అనిపించింది. తర్వాత ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు.

ఇంజినీరు మనిషి నీ కుర్చీలో కూర్చుని రిపోర్టు మొదటి పేజీ చదివి, మిగతాది అందరికీ తెలిసిందే అని మూసేశాడు. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అన్నాడు. నేను లేచాను. నాన్న దగ్గర మొదలుపెట్టి, ఇరవై రెండేళ్ళూ, మెట్లెక్కిన మిషన్లూ, పోస్టరూ, నీ గుండుసూదీ, అన్నీ చెప్పాను. అతను ఆపలేదు. నీళ్ళు కూడా తెప్పించి ఇచ్చాడు. ఎంత మర్యాదో అనుకున్నాను. నా మాట అయ్యేసరికి మూడున్నర, సభకిచ్చిన గంటన్నరా అయిపోయింది. హాలు ఖాళీ చేయాలి, ధన్యవాదాలు అన్నాడు. చప్పట్లు కొట్టింది కూడా అతనే.

ఆ సభలో రాసుకున్నదాని కాపీ మొన్న వచ్చింది. "ఒక అభ్యంతరం వచ్చింది. నమోదు చేసుకున్నాం. టికెట్ల గది కావాలని ఎవరూ కోరలేదు." దాని వెనకే నోటీసు. వచ్చే నెలాఖరుకి వరండా ఖాళీ చేయాలి. టికెట్ల గది బస్సుల టైర్లకి ఇచ్చేశారు.

నోటీసు వచ్చిన రోజు నుంచి గొడుగుల బాబాయి రావడం మానేశాడు. ఆయన పెట్టె బెంచీ కింద అలాగే ఉంది. నిన్న దాన్ని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మోకాలికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెట్టె చూసి, "ఎందుకమ్మా మోసుకొచ్చావు, ఇంకెక్కడ పెట్టుకుని కూర్చోను" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. మీ మొదటి సభలో ఆయన రాసింది ఇదట: "నాకు మెట్లు ఎక్కడం చేతకావడం లేదు. కింద ఎక్కడైనా కాస్త చోటిస్తే వెళ్తాను. మా వాళ్ళకి చెప్పకండి."

చెప్పుల వదిన దారం ఎందుకు నమిలిందో కూడా అప్పుడే తెలిసింది. ఆయన రాస్తుంటే పక్కన కూర్చుని చూసిందట. నేను ద్రోహి అన్నా నోరు విప్పలేదు. ఆవిడ దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదు.

నీ మీద కోపం పోయిందనుకోకు. చదవకుండా గుచ్చిన చెయ్యి నీదే. కానీ మిగతాది ఎవరికి రాయాలో తెలియక నీకే రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళు పక్క బెంచీలో కూర్చున్న మనిషిని, బాబాయ్, నీకేం కావాలి అని ఒక్కనాడూ అడగలేదు నేను.

"రెండో సభలోనైనా చెప్పొచ్చు కదా బాబాయ్, టికెట్ల గది నీకిచ్చేవాళ్ళు కదా" అన్నాను.

"చెబుదామనే వచ్చానమ్మా. రెండుసార్లు చెయ్యెత్తాను. నువ్వు మాట్లాడుతున్నావు" అన్నాడు.

అక్క